మూపురం ఉన్న రాక్షసి

నా పెళ్లి పెట్టెలో అడుగున, పట్టుచీరల కింద, ఎర్ర మఖమల్ సంచి ఒకటి ఉండేది. అత్తగారింటికి వచ్చిన వారానికి మా అత్త వరలక్ష్మమ్మ దాన్ని చేతిలో పెట్టుకుని తూచి, "ఏంది కోమలీ, ఇంత బరువుండాది? మీ నాయన సెప్పకుండా ఏమన్నా పెట్టినాడా?" అని కళ్లు పెద్దవి చేసింది. విప్పి చాప మీద కుమ్మరించాను. ఏడు లోహపు పాచికలు. నాలుగు ముఖాలది మొదలుకుని ఇరవై ముఖాలది దాకా.

"జూదమా మే!" అంది అత్త, గుమ్మం వైపు చూస్తూ.

"జూదం కాదత్తా. కథ. నేను కథ చెబుతా, మీరు అందులో వీరులు. ఏదన్నా చేయాలంటే పాచిక వేయాల. పడితే అయినట్టు, పడకపోతే లేదు."

"పడకపోతే?"

"దెబ్బ తింటారు."

అత్త ఇరవై ముఖాలదాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "సీతాఫలం మాదిరి ఉండాది," అని సంచిలో వేసేసింది.

తిరుపతిలో కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు నా రూమ్మేట్ స్టెల్లా నాకీ ఆట నేర్పింది. మూడేళ్లు ప్రతి శనివారం నేనే కథ నడిపేదాన్ని. పెళ్లయ్యాక ఆడటం కుదరదేమో అనుకున్నాను గానీ, ఆ వేసవిలో కుదరదు అనిపించినవన్నీ కుదురుతూనే వచ్చాయి. మా ఆయన ధర్మేంద్ర రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చేటప్పుడు మల్లెపూలు నలిగిపోకుండా టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పెట్టి తెచ్చేవాడు. అవి సాంబారు వాసన వేసేవి. అయినా పెట్టుకునేదాన్ని. అత్త ముందు "ఏమండీ" అని, గదిలోకి పోగానే "ధర్మా" అని పిలవడం కూడా నాకు నవ్వులాటగానే ఉండేది. ఇల్లు చంద్రగిరి నుంచి పాకాల పోయే దారిలో, రైలు కట్టకు అవతల, మామిడి తోటలో. రైలు పోయినప్పుడల్లా అలమరలో స్టీలు గ్లాసులు మోగేవి. అదీ బాగుండేది.

ఆ ఇంట్లో బాగులేనిది ఒకటే. మా మామ మునికృష్ణ, కొడుకు ధర్మేంద్ర రెండేళ్లుగా మాట్లాడుకోరు.

అరుపులు లేవు, అలగడాలు లేవు. ఒకే వరుసలో కూర్చుని సంగటి తింటారు. మామ అత్త వైపు చూసి, "మోటరు ఎందుకో మూలుగుతా ఉండాది, వాణ్ణి సూడమను," అంటాడు. మోచేతి దూరంలో ఉన్న ధర్మేంద్ర కూడా అత్త వైపే చూసి, "సాయంత్రం సూస్తానని సెప్పమ్మా," అంటాడు. నేను వచ్చాక ఆ ఉద్యోగం అత్త నుంచి నాకు బదిలీ అయింది. కొత్త కోడలిని కదా, మొదట్లో ఉత్సాహంగానే మోశాను. ఇటు మాట అటు, అటు మాట ఇటు. నెల తిరిగేసరికి ఆ మోత విసుగొచ్చింది. ఈ ఇద్దరినీ నేనే మాట్లాడిస్తాను అని పంతం పట్టాను. ఎవరితోనూ చెప్పలేదు.

కారణం ధర్మేంద్రే చెప్పాడు, ఒక సాయంత్రం తిరుపతి నుంచి స్కూటర్ మీద వస్తూ. మా వైపు పశువుల పండగ నాడు కోడెల కొమ్ములకు రంగు పలకలు కట్టి వీధిలోకి వదులుతారు. జనంలోకి దూకుతూ పోయే కోడెను మూపురం పట్టి నిలేసి పలక లాక్కున్నవాడే మొనగాడు. మామ వయసులో ఉన్నప్పుడు లాగిన పలకలు పదకొండు, ఇప్పటికీ హాల్లో గోడకు వేలాడుతుంటాయి. ఆ తర్వాత ఆయనే ఒక కోడెను పెంచాడు. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి గీత. పేరు కాటుకోడు. పండగలో దాని పలక ఎవరికీ దక్కలేదట. రెండేళ్ల కింద మామ కాలు విరిగి తిరుపతిలో ఆస్పత్రిలో నెలన్నర ఉన్నాడు.

"నాకు షిఫ్టులు. చెల్లి హాస్టల్లో. అమ్మను అది దగ్గరికి రానీదు. అమ్మేసినా," అన్నాడు ధర్మేంద్ర.

"ఎవరికి?"

"పాకాల అవతల ఒక రైతుకు."

"మామయ్యను అడగకుండానా?"

"మంచం మీదుండే మనిషిని ఏమని అడిగేది?" అని స్కూటర్ వేగం పెంచాడు. ఎదురుగాలికి నా కొంగు ఎగిరి ఆయన ముఖాన పడితే ఇద్దరం నవ్వాం. వేగం ఎందుకు పెంచాడో అప్పుడు నేను ఆలోచించలేదు.

మా ఆడబిడ్డ పల్లవి డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికి వచ్చాక, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలుపెట్టాను. భోజనాలయ్యాయి, కరెంటు లేదు. పల్లవి, ధర్మేంద్ర చాప మీద కూర్చున్నారు. మామ ఎప్పటిలాగే వరండాలో కుర్చీ వేసుకుని కాలు చాపుకుని ఉన్నాడు. నేను వారమంతా కూర్చుని రాసుకున్న కథ. పాత కోట, చిన్న రాణి, ఆమెకు విషం పెట్టిందెవరో తెలిసిన ముసలి మంత్రి. మంత్రి గొంతు కూడా మార్చి మాట్లాడాను.

కాసేపటికి ధర్మేంద్ర ఆవులించి అడిగాడు. "ఈ మంత్రిని కొట్టొచ్చా?"

"ఎందుకు కొట్టడం? మీకు సాయం చేసేవాడే ఆయన."

"ఊరికే. కొట్టొచ్చా అని."

"వదినా, ఈయన మా ప్రిన్సిపాల్ మాదిరి సాగదీస్తా ఉండాడు. కొట్టేద్దాం," అంది పల్లవి.

కొట్టేశారు. నా మంత్రి మూడు దెబ్బలకు పోయాడు. విషం సంగతి ఎవరూ అడగలేదు. ఇద్దరూ మాత్రం ఎంత హుషారయ్యారంటే, మంత్రి కాపలావాళ్లను కూడా వెతుక్కుంటూ పోయి కొట్టారు. ఆ సాయంత్రం స్టెల్లాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను.

"ఎందుకు మే ఏడుస్తావ్?" అంది. "వాళ్లకు కొట్లాట కావాల. కొట్లాటే పెట్టు. మంచి కొట్లాట పెట్టడం చేతనైతే కదా నువ్వు కథ చెప్పేదానివి."

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. మరుసటి ఆదివారం ముగ్గుపిండి తీసుకుని హాలు గచ్చు మీద గళ్లు గీశాను. అత్త వచ్చి, "మధ్యానం పూట, ఇంటి నడిమధ్యన ముగ్గేందమ్మా?" అంది.

"యుద్ధభూమి అత్తా."

"తుడిచేది నేను," అని గుర్తు చేసి వెళ్లింది.

గళ్లలో ఒక బావి, ఒక విరిగిన బండి, ఒక ఇరుకు సందు గీశాను. చింతగింజలు దొంగలు. తిని ఎండబెట్టిన బెంగళూరు మామిడి టెంక వాళ్ల నాయకుడు. ఒక్కొక్కరికి ఇరవై ప్రాణాలు, దెబ్బ తగిలే కొద్దీ తగ్గుతాయి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లే, ఎవరి గుర్తును వాళ్లే జరపాలి. ధర్మేంద్ర గుర్తు తన పెళ్లి చొక్కా నుంచి ఊడిన బొత్తాం. పల్లవిది జత పోయిన కమ్మ. దొంగలను ఊరికే నిలబెట్టలేదు. ఇద్దరు సందులో దాక్కున్నారు, ఒకడు బండి మీదికెక్కి రాళ్లు విసిరాడు, నాయకుడు భయపడినట్టు వెనక్కి పోతూ వీళ్లను బావి వైపు లాగాడు. ధర్మేంద్ర బొత్తాన్ని నేరుగా టెంక మీదికి తోశాడు.

"అట్ట ఎదురుగా పోతే పొడిచేస్తాదిరా! పక్క నుంచి పోవల్ల!"

వరండా కిటికీలో నుంచి వచ్చింది ఆ మాట. మామ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో.

ధర్మేంద్ర తల ఎత్తలేదు. బొత్తాన్ని ఒక గడి వెనక్కి తీసుకుని పక్క నుంచి పోయాడు. పాచిక వేశాడు. పద్దెనిమిది. టెంక బావిలో పడింది.

పల్లవి చప్పట్లు కొట్టింది. నేను మాత్రం కిటికీ వైపు చూశాను. మామ అప్పటికే పోయి కుర్చీలో కూర్చున్నాడు, ఏమీ ఎరగనట్టు.

మూడో ఆదివారం నేను గళ్లు గీస్తుంటే ఆయనే వచ్చి ముక్కాలి పీట వేసుకున్నాడు. కాలు చాపుకున్నాడు. "ఆడోళ్లకూ పిల్లోళ్లకేనా, ముసిలోళ్లకు గూడా ఉండాదా ఈ ఆట?" అని నన్నడిగాడు.

"గుర్తు పెట్టండి మామయ్యా."

చొక్కా జేబులో నుంచి ఒక ఇత్తడి కుప్పె తీసి గడిలో నిలబెట్టాడు. ఎద్దు కొమ్ము కొనకు తొడిగేది. ధర్మేంద్ర దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు. అది కాటుకోడిదని నాకు పల్లవి తర్వాత చెప్పింది.

మామ ఆట తీరే వేరు. ఏ రాక్షసిని పెట్టినా మొదట అడిగేది ఒకటే.

"దీనికి మూపురం ఉండాదా?"

"రాక్షసికి మూపురం ఏంది మామయ్యా?"

"ఉంటే పట్టుకుంటా. ల్యాకుంటే ఏం పట్టుకునేది?"

"నాయనా, అది మనిషి మాదిరి ఉంటాది," అని పల్లవి నవ్వేది.

"మనిషిని పట్టుకునేది శానా కష్టం," అనేవాడు.

అడిగీ అడిగీ నా చేత ఒప్పించాడు. నాలుగో ఆదివారం టెంకకు సంగటి ముద్ద అంటించి మూపురం చేశాను. మామ దాన్ని చూసి పళ్లు కనపడేలా నవ్వాడు. పెళ్లిలో కూడా ఆయన అట్లా నవ్వడం చూడలేదు.

ఇక ఆ ఆదివారాలే. వారమంతా నేను వాటి కోసమే బతికాను. వంట చేస్తూ కొట్లాటలు అల్లుకునేదాన్ని: వంతెన మీద ఒకటి, నీళ్లలో ఒకటి, చీకటి గుహలో ఒకటి. ఎవరూ ఖాళీగా కూర్చోకూడదు, వంతు త్వరగా తిరగాలి, ఒకరికొకరు అడ్డం నిలబడితే తప్ప గెలవకూడదు. ఆ చివరిది మాత్రం నేను కావాలనే పెట్టాను. అది పనిచేసింది కూడా.

"ధరమా, ఎడం పక్క రా! నేను ముందర నిలబడతా."

"వద్దు నాయనా, నీకు నాలుగే ప్రాణాలుండాయి."

"నాలుగుంటే సాలు. నువ్వు రా నా ఎనక్కి!"

"దెబ్బ యాడ తగిలింది నీకు?"

"భుజానికి. నువ్వు సూడాల్సింది నన్ను కాదు, దాన్ని సూడు!"

నేను పెన్సిల్ పట్టుకుని రాయడం మరిచిపోయాను. వంటింటి గుమ్మంలో మామిడికాయ తరుగుతున్న అత్త కత్తి ఆపేసింది. రెండేళ్లలో ఆ ఇంట్లో వినపడని పిలుపులవి. ఆట అయిపోయి, అత్త తడిగుడ్డతో గళ్లు తుడవగానే మళ్లీ మామూలే. "వాణ్ణి స్నానానికి పొమ్మను." "పోతానని సెప్పు." అది గమనించిందేమో, ఐదో ఆదివారం అత్త గుడ్డ పట్టుకుని వచ్చి కాసేపు నిలబడి, "ఉండనీలే, రేపు తుడస్తా," అని వెళ్లిపోయింది. ఆ రాత్రీ మరునాడూ అందరం గళ్లు తొక్కకుండా పక్క నుంచి నడిచాం.

కాయ కోతలు మొదలయ్యాయి. ఒక మంగళవారం ధర్మేంద్ర సెలవు పెట్టి ట్రాక్టర్‌కు క్రేట్లు ఎక్కిస్తున్నాడు. పై వరుస జారింది. తోట అవతలి గట్టు మీద నుంచి మామ కేక వేశాడు: "ధరమా! నీ ఎడం పక్క!" ధర్మేంద్ర చూడకుండానే కుడి వైపు దూకాడు. క్రేట్లు ఆయన నిలబడిన చోట పడి కాయలు దొర్లాయి. తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత కిందపడిన కాయలను చెరో వైపు నుంచి ఏరారు. మాట లేదు. కానీ ఏరుతూ ఏరుతూ చివరి కాయ దగ్గరికి ఇద్దరి చేతులూ ఒకేసారి వచ్చాయి. నేను చెట్టు కింద నీళ్ల బిందె పట్టుకుని నిలబడి ఆ చేతులనే చూశాను.

ఒక్క అడుగే ఉంది అనుకున్నాను. అది నేను వేయిస్తాను.

ఆ రాత్రి కొత్త కథ రాశాను. గుహలో మూపురం ఉన్న రాక్షసి. దాని వెనక, సంకెళ్లతో, కళ్లకు కాటుక ఉన్న ఎద్దు. ధర్మేంద్ర వీరుడు ఆ ఎద్దును తనే రాక్షసికి ఇచ్చానని ఒప్పుకోవాలి. "తప్పయింది నాయనా" అంటాడు. మామ సరే అంటాడు. ఎద్దు విడుదల. నవ్వులు. ఆ వచ్చే ఆదివారం మేమంతా ఆటో మాట్లాడుకుని పాకాల అవతల ఆ రైతు ఊరికి పోయి కాటుకోడిని చూసి వస్తాం. దాని మెడకు వేయడానికి మంచి బంతిపూల దండ ఎక్కడ దొరుకుతుందో కూడా కనుక్కుని పెట్టుకున్నాను.

స్టెల్లాకు చెప్పాను.

"కొట్లాట కోసం కూర్చునేవాళ్లను మాటల్లోకి లాగొద్దు మే. కొట్లాట బాగుంది కదా. బాగున్నదాన్ని అట్లే ఉండనీ."

"ఎంతకాలం కొట్లాటే? అసలు కథ రావాల కదా!"

"నీకు రావాల," అంది.

విననట్టే ఉండిపోయాను.

ఏడో ఆదివారం. మధ్యాహ్నం. కరెంటు లేదు. ముగ్గు గీతలు ఆ రోజు నేను చాలా శ్రద్ధగా గీశాను. ఎద్దుకు గుర్తుగా నా పెళ్లి కుంకుమ భరిణ పెట్టి, దాని మీద కాటుకతో రెండు గీతలు దిద్దాను. కొట్లాట అంత బాగా ఎన్నడూ జరగలేదు. పల్లవి బాణాలన్నీ అయిపోయి రాళ్లు విసురుతోంది. మామ పాకుతూ పోయి మూపురం పట్టుకున్నాడు, పాచిక ఇరవై పడింది, ఆయన తొడ చరిచాడు. మామకు నాలుగు ప్రాణాలు, ధర్మేంద్రకు మూడు. రాక్షసికి ఇంకో రెండు దెబ్బలు. వంతు మామది. పాచిక ఆయన గుప్పిట్లో ఉంది.

"ఆగండి," అన్నాను రాక్షసి గొంతుతో. "కొట్టడం ఆపండి. ఈ ఎద్దును నా చేతికిచ్చినవాడు మీలోనే ఉన్నాడు. వాడు నిజం చెబితే ఎద్దును వదులుతాను."

"అయ్యో వదినా!" అంది పల్లవి. "ఇంకో రెండు దెబ్బలకు సచ్చిపోతాదే!"

"మాటలొద్దు కోమలమ్మా," అన్నాడు మామ. "నా వంతు గదా. కొట్టనీ."

"లేదు మామయ్యా. రాక్షసి అడుగుతా ఉండాది. జవాబు సెప్పాల."

ధర్మేంద్ర నా వైపు చూశాడు. "వద్దు కోమలీ. కొట్లాట కానియ్," అన్నాడు, మెల్లగా. సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. నాకు ముద్దొచ్చింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే, అట్లా ముద్దొచ్చినందుకే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. గొంతు ఇంకా లావు చేసి, "నిజం సెప్పు!" అన్నాను.

మామ పాచికను గచ్చు మీద పెట్టాడు. వేయలేదు, పెట్టాడు. కొడుకు ముఖంలోకి చూశాడు. కొట్లాటలో అరిచే గొంతు కాదు, చిన్న గొంతు.

"సెప్పురా. అది అడుగుతా ఉండాది గదా. కాటుకోడు యాడుండాడు? పాకాల అవతల ఏ ఊరు? రెండు పండగలకు పొయినా. ఊరూరా సూసినా. ఏ మందలోనూ కనపడలా."

ఆ మాట మాలో ఎవరికీ తెలియదు. పండగ నాడు మామ ఎటో పోయి సాయంత్రానికి వస్తాడని మాత్రమే అత్తకు తెలుసు.

ధర్మేంద్ర బొత్తాన్ని వేలితో తిప్పుతున్నాడు. కట్ట మీద రైలు పోయింది, గ్లాసులు మోగాయి, మోత ఆగింది.

"రైతు లేడు నాయనా," అన్నాడు. "వాణ్ణి సూసి ఎవురూ కొనలా. సంతలో ఒక లారీ ఉండింది. తమిళనాడు పొయ్యేది. దానికి ఎక్కించేసినా."

ఆ లారీలు కబేళాకే పోతాయని ఎవరికీ చెప్పక్కర్లేదు.

"ఎవురు ఎక్కించినారు?" అన్నాడు మామ. "ఎవుర్నీ దగ్గరికి రానీడే వాడు."

"నేనే."

"నీకు వచ్చినాడా?"

"వచ్చినాడు నాయనా. పొడవలా. నా ఎంబడే వచ్చినాడు."

అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ముగ్గుపిండి లేచి గీతలు చెదిరిపోయాయి. చింతగింజలూ, టెంకా ఎక్కడివక్కడే ఉన్నాయి.

మామ గోడ పట్టుకుని లేచాడు. పలకలు వేలాడే గోడే అది. ఒక పలక కదిలితే దాన్ని చేత్తో ఆపాడు. "ఈ పూటకు సాలమ్మా," అని నాతో అన్నాడు. కుప్పె గడిలోనే ఉండిపోయింది. ఆయన పశువుల కొట్టం వైపు నడిచాడు. రెండేళ్లుగా అందులో పశువు లేదు.

అత్త వచ్చి గళ్లు తుడిచింది. ఈసారి రేపటికి ఉంచలేదు.

ఎవరూ ఎవరినీ ఒక మాట అనలేదు. నన్ను కూడా. అంటే బాగుండేది. మామ అన్నం కొట్టంలోకి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. పట్టుకుపోయేది నేనే. "వాణ్ణి ఫలానా పని సూడమను" అనే మాటలు కూడా ఆగిపోయాయి. మోయడానికి నాకు మాటల్లేవు. మోయలేనని విసుక్కున్న ఆ మాటల కోసం నేను పళ్లెం పెట్టి కాసేపు అక్కడే నిలబడేదాన్ని. ఆయన తలెత్తేవాడు కాదు.

ఒక రోజు చేతులు కడుక్కుంటూ, "ఆ అబద్ధాన్ని రెండేళ్లు మోసినా కోమలీ," అన్నాడు ధర్మేంద్ర. "ఇంకొన్నాళ్లు మోసుంటే ఏమయ్యుండేది? ఆయన ఎదుకుతా ఉండేవాడు. ఎదికేదానికి ఏదో ఒకటి ఉండేది గదా ఆయనకు."

కాయ కోతలు అయిపోయే లోపల తిరుపతిలో ఇల్లు చూశాడు. షిఫ్టులకు దగ్గర అని అత్తతో చెప్పాడు. అత్త ఊరగాయ జాడీ కట్టిస్తూ తల ఊపింది. కుప్పెను ఇవ్వబోతే, "ఆయన అడిగితే ఇస్తువులే, నీ కాడే ఉండనీ," అంది. మఖమల్ సంచిలో పాచికలతో పాటు వేసుకుని వచ్చాను.

ఇక్కడ కూడా నాకు సంతోషాలు లేవని చెప్పను. మేడ మీద నుంచి కొండ కనిపిస్తుంది. ధర్మేంద్ర ఇప్పటికీ మల్లెలు టిఫిన్ క్యారియర్‌లోనే తెస్తాడు. కానీ ఆదివారం మధ్యాహ్నం అన్నాలు అయిపోయాక ఇద్దరికీ ఏం చేయాలో తోచదు. ఆయన ఫోన్ చూస్తాడు, నేను ఉతికిన బట్టలే మళ్లీ మడుస్తాను. ఆ ఆదివారాల్లో వాళ్లిద్దరూ అడగాల్సినవన్నీ అడిగేసుకుంటూనే ఉన్నారు. నీకెన్ని ప్రాణాలున్నాయి, దెబ్బ ఎక్కడ తగిలింది, నేను ముందర నిలబడనా. నాకు అది కొట్లాట లాగే వినపడింది. అసలు కథ ఇంకెక్కడో ఉందనుకున్నాను.

పోయిన ఆదివారం మామ వచ్చాడు. కంటి ఆపరేషన్‌కు ముందు పరీక్షలకని శనివారం వచ్చి, పల్లవి హాస్టల్ దగ్గర చుట్టాలింట్లో ఉండి, ఊరికి పోతూ ఒక గంట మా ఇంటికి. అత్త పంపిన సంగటి పిండి, చెనిక్కాయలు సంచిలో తెచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. ధర్మేంద్ర వంటింటి గుమ్మంలో నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. గ్లాసు నేను తీసుకెళ్లి ఇచ్చాను.

"కుప్పె నా దగ్గరే ఉంది మామయ్యా," అన్నాను.

మఖమల్ సంచి తెచ్చి ఆయన ముందర గచ్చు మీద విప్పాను. కుప్పె తీసి చేతికి ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. ముగ్గుపిండి కూడా తేలేదు. టైల్స్‌కే గళ్లు ఉన్నాయి. కుప్పెను ఒక గడిలో పెట్టాను. బొత్తాం కూడా సంచిలోనే ఉంది, దాన్ని దాని పక్క గడిలో పెట్టాను. మూపురం ఎప్పుడో రాలిపోయిన టెంకను ఎదురుగా పెట్టాను. భరిణ పెట్టలేదు. రాక్షసి గొంతు పెట్టలేదు. కథ ఏమీ చెప్పలేదు.

"మీ వంతు దగ్గర ఆగింది మామయ్యా," అన్నాను.

మామ చాలాసేపు చూశాడు. పాచిక ముట్టుకోలేదు.

"నిన్న కంట్లో మందు పోసినారు. ఇంకా సరిగ్గా కనపడలా," అన్నాడు. తను తెచ్చిన సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"వానికెన్ని ప్రాణాలుండాయి?" అన్నాడు. నా వైపే చూస్తూ, నన్నే.

"మూడు."

"నాకు?"

"నాలుగు."

ఆయన గుమ్మం వైపు తిరగలేదు. "నా ఎనక్కి జరగమను," అన్నాడు నాతో.

నేను ఆ మాట మోయలేదు. మోయాల్సిన పని లేదు, నాలుగడుగుల దూరమే. ధర్మేంద్ర వచ్చి వంగి, ఒక వేలితో బొత్తాన్ని జరిపాడు. కుప్పె వెనకకు.

మామ బస్సు టైమయిందని లేచాడు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగాడు. ధర్మేంద్ర పై మెట్టు మీద నిలబడ్డాడు. కుప్పెను ఆయన తీసుకుపోలేదు. నేనూ తీయలేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ రెండు గళ్లూ వదిలి, చుట్టూ ఊడుస్తున్నాను.